ఉప్పల్‌లో ఉప్పునీళ్లు

కల్పనతో గొడవ పెట్టుకోవడానికి నాచారంలో ఆ వీధివాళ్లు వెనకాముందాడేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని తల్లి మైసమ్మ బతికున్నన్నాళ్లూ చెబుతూనే ఉండేది. ఊరే మంచిది కానప్పుడు నోరెందుకు మంచిగుండాలని కల్పన వాదన. పెళ్లయిన పదకొండో నెలలో పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు ఆమె చెప్పిన జవాబులు విన్నాక రెండోసారి అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడామెకు నలభై మూడేళ్లు. పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా కెమిస్టు. ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే మురికినీళ్లను గాజు సీసాల్లో పట్టి, అందులో ఏమేం ఉన్నాయో రాసివ్వడం ఆమె పని. రిపోర్టులో ఒక అంకె సవరించమని ఒకసారి మేనేజరు అడిగాడు. "పెన్ను మీ దగ్గర గూడ ఉంది గద సార్. మీరే మార్చి, మీరే సంతకం పెట్టుకోన్రి" అంది. తర్వాత చేరినవాళ్లు ఆమెను దాటుకుని పైకి వెళ్లిపోయారు.

పొద్దంతా మురికినీళ్లతో గడిపే ఆ మనిషికి ఎనిమిదేళ్ల కిందట ఒక పిచ్చి పట్టుకుంది. మల్కాజిగిరిలో తోటి ఉద్యోగి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు హాల్లో సముద్రపు అక్వేరియం చూసింది. మామూలు చేపల తొట్టి కాదు. లోపల రాళ్లు, రాళ్లమీద బతికున్న పగడాలు పువ్వుల్లా ఊగుతున్నాయి. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఏడాది తిరిగేసరికి పుట్టింటి మేడమీద తన గదిలో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టుకుంది. మూడు వందల లీటర్ల నీళ్లు. ఆర్వో మిషన్‌లో వడగట్టిన నీళ్లలో సముద్రపు ఉప్పు పొడి కలిపి, సముద్రం ఎంత ఉప్పగా ఉంటుందో అంతే ఉప్పగా చేయాలి. ఇంకోటి, రాళ్లు. చేపల మురికి నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. రాళ్లను పట్టుకుని బతికే కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. ఆ సూక్ష్మజీవులు పేరుకోవడానికి నెలలు పడుతుంది. అవి చస్తే తొట్టి మొత్తం చస్తుంది.

ఏప్రిల్ మొదటివారంలో అన్న గోవర్ధన్ పాత ఇంటిని బిల్డర్‌కిచ్చేశాడు. కల్పన ఉప్పల్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకుంది. తొట్టిని ఎలా తరలించాలో ఒక కాగితం మీద వరుసగా రాసుకుంది. ముందు కొత్తనీళ్లు సిద్ధం చేయాలి. పాత ఇసుకను కదిలిస్తే అడుగున పేరుకున్న కుళ్లు పైకొస్తుంది కాబట్టి దాన్ని పారేసి కొత్త ఇసుక వేయాలి. రాళ్లను మాత్రం పాత నీళ్లలో మునిగే ఉంచాలి. ఒక్క నిమిషం కూడా ఆరకూడదు. ఆదివారం అని ముహూర్తం పెట్టుకుంటే, గురువారం పొద్దున్నే గోవర్ధన్ ట్రాలీ ఆటోతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల జేసీబీ వస్తది. ఇయ్యాల్నే ఖాళీ జెయ్యాలె."

"ఆదివారం అని జెప్పితివి గదనే అన్నా?"

"చెప్పిన. ఇప్పుడు రేపంటున్న. నీ చేపల కోసం బిల్డరు ఆగుతడా?"

వాదించే వ్యవధి లేదు. కల్పన చేపలను, పగడాలను పాత నీళ్లున్న బకెట్లలో సర్దుతూ మేడమీదే ఉండిపోయింది. రాళ్లను రెండు నీలం డ్రముల్లో నీళ్లతో నింపి కిందికి పంపింది. ఆటో ఉప్పల్ చేరేసరికి మధ్యాహ్నమైంది. రెండో డ్రము మూత తీసి చూస్తే చుక్క నీరు లేదు. ఎండకు డ్రము పొయ్యిమీది గిన్నెలా కాలుతోంది. లోపలి రాళ్లు తెల్లగా ఆరిపోయి, ఎండుచేపల వాసన కొడుతున్నాయి.

"నీళ్లేవి?"

"పారబోసిన. గంత బరువు ఎవడు మోస్తడే? రాళ్లకు నీళ్లెందుకు?" అన్నాడు గోవర్ధన్, మెడ తుడుచుకుంటూ. "చేపలు బకెట్ల మంచిగనే ఉన్నయ్ గద. రాళ్లు సస్తయా ఏంది?"

"సచ్చినయ్. ఇగ మిగిలినయి గూడ సంపుతయ్." కల్పన గొంతు పెంచలేదు. "పో అన్నా. మళ్ల ఈ గడప తొక్కకు."

ఆ పూట ఆమె ఒక తప్పు చేసింది. తప్పని తెలిసే చేసింది. ఆరిన రాళ్లను వేరే డ్రములో వేసి, కుళ్లు పోయేదాకా పక్కన ఉంచాలి. కానీ అవి లేకపోతే సగం తొట్టి బోసిగా ఉంది. ఏడేళ్లు చేత్తో పేర్చుకున్న రాళ్లు. కొంత ప్రాణమైనా మిగిలి ఉండకపోతుందా అనుకుని అన్నీ లోపల పెట్టేసింది.

మర్నాడు పొద్దున గాజు గొట్టంలో తొట్టినీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి చూసింది. అమ్మోనియా లేకపోతే నీళ్లు పసుపుగా ఉండాలి. ఆకుపచ్చకు తిరిగాయి. పగడాలన్నీ ముడుచుకుపోయాయి. నారింజ రంగు క్లౌన్ చేపలు రెండూ నీటిమట్టం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మేత ఆపేసింది, దీపాల సమయం తగ్గించింది, గాలి మోటరు పెంచింది. నీళ్లు వేడెక్కకుండా పైన ఫ్యాను పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, రోజూ డెబ్బై లీటర్ల నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆర్వో మిషన్ ఒక బకెట్ మంచినీళ్లు ఇవ్వడానికి మూడు బకెట్లు బయటికి వదిలేస్తుంది. అది నాలుగంతస్తుల పాత అపార్ట్‌మెంటు, ఎనిమిది ఫ్లాట్లు. బోరు గాలి కొడుతోంది. రెండ్రోజులకొక ట్యాంకర్ వచ్చి కింద నీళ్లు నిల్వచేసే సంపు నింపిపోతే, పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లు వదులుతారు. ఆ గంటల్లో కల్పన తన డ్రములన్నీ నింపుకునేది. మిషన్ వదిలేసే నీళ్లు బాత్రూమ్ గొట్టంలోంచి కిందికి జారి, పార్కింగు మూలనున్న మురుగు ఛాంబర్‌లో పడేవి. ఆ ఛాంబర్ పక్కనే కింది ఫ్లాటు వంటింటి కిటికీ. ఆ కిటికీలో వెంకటనర్సమ్మ ఉంటుంది. జనగామ వైపు నుంచి కొడుకు ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడ్డ మనిషి. అరవై దాటినా చెవులు మాత్రం పాము చెవులు. అందరి గొట్టాలూ ఎండిపోయి ఉంటే ఒక్క గొట్టంలోనే రోజంతా జలజలమని చప్పుడు. మూడ్రోజులు విని, నాలుగో రోజు సెక్రటరీ రామచంద్రరావును పిలుచుకొచ్చి వినిపించింది.

ఐదో రోజు పొద్దున ఇద్దరూ కల్పన తలుపు కొట్టారు. వెనక మెట్లమీద ఇంకో నలుగురు. రామచంద్రరావు రిటైరైన లెక్కల మాస్టారు. గుమ్మంలోంచే లోపలికి తొంగిచూశాడు.

"మేడం, మీ ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"నేనొక్కదాన్నే."

"ఒక్క మనిషికి రోజుకు మూడు డ్రముల నీళ్లెందుకు?"

"నాకు గాదు. తొట్టికి."

మెట్ల మీద ఎవరో పకపకా నవ్వారు. వెంకటనర్సమ్మ ముందుకొచ్చింది. "మా మనవరాలు స్నిగ్ధ మూడొద్దుల సంది కక్కుకుంట, ఇరేచనాలు పెట్టుకుంట పండింది. పోరి బట్టలు పిండనీకి నీళ్లు లెవ్వు. నువ్వు చేపలకు తానాలు పోస్తున్నవా? సిగ్గున్నదా నీకు?"

ఒక్క మెత్తటి మాట అని ఉంటే సరిపోయేది. పదిరోజులు ఓర్చుకోండి, తర్వాత ఇన్ని నీళ్లు అక్కర్లేదు అని చెప్పవచ్చు. అది నిజం కూడా. కానీ మెట్లమీది నవ్వు ఆమె చెవుల్లో ఉంది.

"మీ ఇంట్ల ఆరుగురు. నా ఇంట్ల నేనొక్కదాన్ని. మీరు పోసుకునేదానికంటే నేను తక్కువనే వాడుతున్న. నా వాటా నీళ్లు తాగుతనో పారబోస్తనో, మీకెందుకు?"

రామచంద్రరావు అటునుంచి అటే డాబామీదికి వెళ్లి ఆమె ఫ్లాటుకు వచ్చే వాల్వ్ కట్టేసి, దాని చక్రం ఊడదీసుకుని జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికి లిఫ్టులో ఒక కాగితం వెలిసింది. నీళ్ల క్యాన్లు, డ్రములు లిఫ్టులో ఎక్కించరాదు. పేరు రాయలేదు. రాయాల్సిన పనిలేదు.

కల్పన దగ్గర ఒక డ్రములో నలభై లీటర్ల ఆర్వో నీళ్లు మిగిలాయి. తొట్టిలో అమ్మోనియా నానాటికీ పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. అది ఆమెకు అర్థం కాలేదు. అన్నేసి నీళ్లు మారుస్తుంటే కొంతైనా దిగాలి కదా. ఆ పూటే పెద్ద పగడం చచ్చిపోయింది. బొటనవేలంత ముక్కగా తెచ్చినది, ఏడేళ్లలో రెండు పిడికిళ్లంత అయ్యింది. ముట్టుకుంటే గోధుమరంగు జిగురుగా వేళ్లకు అంటుకుంది. అది కుళ్లితే మిగతావీ పోతాయి కాబట్టి వెంటనే తీసి పారేయాలి. తీసి కవరులో కట్టి, చెత్తబుట్టలో వేసింది. తర్వాత మోచేతుల దాకా ముంచి, గోవర్ధన్ ఎండబెట్టిన రాళ్లన్నిటినీ ఏరి బయటపెట్టింది. మొదటిరోజే చేయాల్సిన పని.

ఇక నీళ్లు. ఉప్పల్ డిపో వైపు సందుల్లో క్యాన్లు నింపే వాటర్ ప్లాంట్లున్నాయి. నీళ్లలో లవణాలు ఎన్ని కలిసున్నాయో చూపే చిన్న మీటరు పట్టుకుని ఒక్కోదానికీ వెళ్లింది. మొదటి ప్లాంటువాడు మీటరు చూసి షట్టరు సగం దించాడు.

"ఎవరు మేడం మీరు? ఏ ఆఫీసు?"

"ఏ ఆఫీసు గాదు. చేపలకు."

"చేపలకైతే నల్లానీళ్లు పొయ్యున్రి. మా నీళ్లకు పేర్లు పెట్టనీకి వచ్చిన్రా?"

మూడో ప్లాంటులో మీటరు ఆమెకు నచ్చిన అంకె చూపించింది. ఆరు క్యాన్లు తీసుకుంది. ఒక్కొక్కటే భుజాన పెట్టుకుని రెండంతస్తులు ఎక్కించింది. ఎదురుపడ్డవాళ్లు గోడకు ఒదిగి దారిచ్చారు కానీ ఎవరూ చెయ్యి వేయలేదు. ఆమె అడగనూ లేదు. ఆ నీళ్లతోనే ఉప్పు కలిపి తొట్టికి పోసింది. ఆ నీళ్లతోనే తనూ స్నానం చేసింది.

రెండు రోజులు గడిచేసరికి గాజు గొట్టంలో ఆకుపచ్చ పలచబడింది.

సంతోషించాల్సింది పోయి కల్పన ఆలోచనలో పడింది. రాళ్లు తీసేసింది, నీళ్లు మార్చింది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. లాబ్‌లో కొత్తగా చేరినవాళ్లను ఆమె ఇలాంటి తప్పుకే తిట్టేది. క్యాన్లతోనే సరిపోవడంతో, మిగిలిన పాత ఆర్వో నీళ్లు డ్రములో ఇంకా అలాగే ఉన్నాయి. తొట్టిలోకి ఇంకా చేరని నీళ్లు. ఊరికే అనుమానం తీర్చుకుందామని వాటిని గొట్టంలో పట్టి చుక్కలు వేసింది. పసుపు రావాలి. ఆకుపచ్చ వచ్చింది.

కిందికి దిగి, పార్కింగులో సంపు పక్కనున్న కుళాయి నుంచి సీసా నింపుకొచ్చింది. అది ముదురాకుపచ్చగా మారింది. మర్నాడు ఫ్యాక్టరీ లాబ్‌లో మళ్లీ చేసి చూసింది. సందేహం లేదు. సంపులో మురుగు కలుస్తోంది. ఆమె మిషన్ ఎంత వడగట్టినా కొంత లోపలికి జారుతోంది. నాలుగు రోజులు ఆమె రోజూ తన చేతులతోనే తొట్టిలో విషం పోసింది. వాల్వ్ కట్టేసి వాళ్లు ఆ తొట్టిని బతికించారు.

ఆ సంగతి తెలిసినప్పుడు ఆమెకు జాలి కలగలేదు. తాగనీ, అనుకుంది. నవ్విన నోళ్లే కదా, తాగనీ. బస్సు దిగి, సందులోకి నడిచి, మెట్లెక్కి తలుపు వేసుకునేదాకా అదే అనుకుంది. టీ పెట్టుకుని కూర్చుంది. కింది ఫ్లాటులోంచి పిల్ల వాంతి చేసుకునే చప్పుడు వినిపించింది. ఆ వెనకే వెంకటనర్సమ్మ గొంతు, "గింతంత తాగు బిడ్డా, జర గొంతు తడుపుకో" అని బతిమాలుతోంది. కల్పన టీ పొయ్యిమీదే వదిలేసి, రెండు గాజు గొట్టాలు పట్టుకుని దిగింది.

పార్కింగులో రామచంద్రరావు స్కూటరు తుడుస్తున్నాడు. వెంకటనర్సమ్మ ఇంటి తలుపు తీసే ఉంది.

"పెద్దమ్మా, పిల్లకు నల్లానీళ్లు తాపకు. సంపుల మోరీనీళ్లు కలుస్తున్నయ్." కల్పన గొట్టాలు రెండూ ఎత్తి చూపింది. "ఈ పసుపుది క్యాను నీళ్లు. ఈ పచ్చది మన సంపుది."

రామచంద్రరావు గుడ్డ దులిపాడు. "వాల్వ్ తెరిపించుకోనీకి మంచి ఉపాయమే దొరికింది మేడం."

"తెరవకున్రి సార్. ఆ నీళ్లు నాకొద్దు. నా చేపలకే పనికిరానియి మీరు తాగుతున్రు."

"మేం గుడ్డల వడగట్టుకునే తాగుతం" అంది వెంకటనర్సమ్మ. గొంతులో ఇదివరకటి బిగువు లేదు.

"గుడ్డకు ఆగేది గాదది. నన్ను నమ్మకున్రి. సంపు మూత తీసి వాసన సూడున్రి."

రామచంద్రరావు కదల్లేదు. వెంకటనర్సమ్మే వెళ్లి, వంగి, ఇనుప మూతను రెండు చేతులా జరిపింది. ముఖం పక్కకు తిప్పుకుని కొంగు ముక్కుకు పెట్టుకుంది. తర్వాత ఇంట్లోకి వెళ్లి, కొడుకును కేకేసి, పిల్లను దవాఖానాకు తీసుకుపొమ్మంది.

మర్నాడు మనుషులొచ్చి సంపు తోడేశారు. ఛాంబర్ వైపు గోడకు జానెడు పగులు కనిపించింది. ఏళ్లనాటిది, అంచులు నల్లబడి ఉన్నాయి. పక్కనే ఛాంబర్‌లో ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి, మురుగు పోయే దారిలేక అంచుదాకా నిలిచిపోయింది. ఇంతకాలం పగులుకు కిందనే ఉన్న మురుగు, పైకి లేచి అందులోంచి కారింది. ఎనిమిది ఫ్లాట్లవాళ్లూ చుట్టూ మూగి చూస్తున్నారు.

"ఛాంబర్ నిండిందంటే ఎందుకు నిండింది?" అన్నాడు రామచంద్రరావు, అందరికీ వినిపించేలా. "పొద్దుమాపూ ఈమె వదిలిన నీళ్లతోటి. ఆ జలజల నేను గూడ ఇన్న."

అందరి కళ్లూ కల్పన మీదికి తిరిగాయి. కల్పన అప్పటికే మనసులో లెక్క వేసుకుంది. ఆ కరువులో బిల్డింగు మొత్తం రోజుకు వాడే నీళ్లెన్ని, తన మిషన్, తన తొట్టి కలిసి వదిలినవెన్ని. లెక్క సున్నా అయి ఉంటే ఆమె అక్కడ అందరినీ కడిగేసేది. సున్నా కాలేదు.

"పదో వంతు నాది" అంది. "తొమ్మిది వంతులు మీ అందరిది. పగులు పాతది, కవర్లు నేనెయ్యలే. కానీ పదో వంతు నాదే."

వెంకటనర్సమ్మ గుంపులోంచి ఆమెనే చూస్తూ ఉంది. "గట్లయితే మా పిల్ల కక్కిన కక్కుల పదో వంతు నీదన్నట్టు" అంది.

కల్పన మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఆమె తలుపు వేసుకున్న చప్పుడు కిందివాళ్లకు వినిపించింది.

స్నిగ్ధ నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చింది. సంపు గోడ సిమెంటుతో పూడ్చారు, ఛాంబర్ శుభ్రం చేయించారు. వాల్వ్ చక్రాన్ని రామచంద్రరావు ఒక కాగితంలో చుట్టి, కల్పన గుమ్మం ముందు పెట్టి వెళ్లాడు. ఆమె డాబా ఎక్కి తనే బిగించుకుంది. మిషన్ వదిలేసే నీళ్లను గొట్టంలోకి పోనీయకుండా డ్రముల్లో పట్టి, తన బట్టలకు, బాత్రూముకు వాడింది. మిగిలినవి పార్కింగులో ఒక తొట్టెలో పోసి పెట్టింది. వారం రోజులు ఆ తొట్టెను ఎవరూ ముట్టుకోలేదు. ఎనిమిదో రోజు ఎవరో అందులోంచి తీసి బండి కడుక్కున్నారు. ఎవరో ఆమె చూడలేదు.

బోడుప్పల్‌లో ఉండే ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. కంప్లైంట్లు వస్తున్నాయి, నెలలో ఖాళీ చేయమన్నాడు. "అగ్రిమెంటు పదకొండు నెలలది. అప్పటిదాంక ఈ తొట్టి ఇంచు కదలది. మీరు ఎవర్ని పిలుచుకుంటరో పిలుచుకోన్రి" అని పెట్టేసింది.

తొట్టిలో అమ్మోనియా పూర్తిగా పోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అది పోయాక నైట్రైట్ అనే ఇంకో విషం లేచింది. అది దిగడానికి మరో రెండు వారాలు పట్టింది. తర్వాత ఇసుకంతా గోధుమరంగు పాచి పట్టింది. కొత్తగా నీళ్లు కుదుటపడే తొట్టికి అది మామూలే కాబట్టి దానిజోలికి వెళ్లలేదు. తొమ్మిది పగడాల్లో నాలుగు మిగిలాయి. క్లౌన్ చేపల్లో ఆడది పోయింది. మగది ఒంటరిగా మూలకు తిరుగుతూ ఉంది. గోవర్ధన్ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

జూన్‌లో తొలకరి పడ్డా బోరు ఇంకా లేవలేదు. ట్యాంకర్ వస్తూనే ఉంది. ఒక మంగళవారం సాయంత్రం తలుపు చప్పుడైతే కల్పన తీసింది. వెంకటనర్సమ్మ, ఆయాసపడుతూ, చేతిలో ప్లాస్టిక్ సీసాతో నిలబడి ఉంది.

"ఇప్పుడే వచ్చిన ట్యాంకర్‌ది" అంది, సీసా చాపుతూ. "సూడు."

కల్పన లోపలికి రమ్మనలేదు. ఆమె వస్తాననలేదు. కల్పన గొట్టం తెచ్చి, గుమ్మంలోనే నిలబడి నీళ్లు పట్టి, చుక్కలు వేసి ఊపింది. రంగు తేలడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గొట్టాన్నే చూస్తూ నిలబడ్డారు.

"పసుపే" అంది కల్పన.

వెంకటనర్సమ్మ తనే గొట్టాన్ని తీసుకుని, మెట్ల దగ్గరి వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. కల్పన మాటను ఆమె నమ్మలేదు. రంగును నమ్మింది. గొట్టం తిరిగిచ్చేసి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ, వెనక్కి తిరగకుండానే అంది.

"ఎల్లుండి గూడ ట్యాంకర్ ఉన్నది. ఇంట్లనే ఉంటవా?"

"ఆరింటికి ఇంటికొస్త" అంది కల్పన. తలుపు వేసేసింది.